తుప్పుభంజని: ఒక ట్రంకుపెట్టె చీటీకి టీకా తాత్పర్యాలు

అవతారిక

మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్యానం రాయబోతూ రెండు మాటలు ఇచ్చాడు. ఆధారం లేనిది ఒక్కటీ రాయనన్నాడు, అక్కర్లేనిది ఒక్కటీ చెప్పనన్నాడు. ఈ వ్యాఖ్యాత మొదటి మాట నిలబెట్టుకుంటాడు. రెండోది ఇప్పటికే తప్పాడు.

ఇక మూలం సంగతి. విశాఖపట్నం పెదవాల్తేరులో, సముద్రం హోరు వినిపించే మేడమీద గదిలో, మంచం కింద ఒక రేకు ట్రంకుపెట్టె ఉంది. అందులో మా పెదనాన్న నలభయ్యేళ్ళుగా పోగుచేసిన పదకొండు కత్తులున్నాయి. ఒకటి నేపాలీ కుక్రీ, తన ఒరలోనే ఇమిడే రెండు పిల్లకత్తులతో సహా. ఒకటి కూర్గువాళ్ళు పెళ్ళిళ్ళకి నడుముకు ముందువైపు దోపుకునే పీచెకత్తి. ఒకటి ఫ్రాన్సు ఆల్ప్స్ కొండల నుంచి వచ్చిన ఒపినెల్ మడతచాకు, ఎనిమిదో నంబరుది. ఒకటి ఎర్ర పిడి స్విస్ చాకు. మిగతావి సంతల్లో, పాతసామాన్ల కొట్లలో దొరికినవి. పెదనాన్న ఓడల మరమ్మతులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. సముద్రం ఇనుమును తింటుంటే ముప్ఫయ్యేళ్ళు దగ్గరుండి చూసిన మనిషి. అందుకే ఇనుము మీద ఆయనకున్నది మోజు కాదు, జాలి.

ట్రంకు మూత లోపలివైపు ఒక చీటీ అంటించి ఉంది. నీలం బాల్‌పెన్నుతో రాసిన ఏడు సూత్రాలు అందులో ఉన్నాయి. ఏడో సూత్రం చివర తుప్పుమరక పడి అక్షరాలు పోయాయి. తుప్పును ఆపడానికి రాసిన గ్రంథాన్ని తుప్పే తినడం వల్ల ఈ టీక అవసరమైంది. చీటీ అంచు లేచిన చోట వెనకవైపు తొంగిచూస్తే 'కందిపప్పు 2 కేజీలు, బట్టల సబ్బులు 4' అని కనిపిస్తోంది. అది ప్రక్షిప్తం కాబట్టి పరిగణించలేదు.

మూలకర్త బతికే ఉన్నారు. కింద వరండాలో పేపరు చదువుకుంటున్నారు. అయినా సందేహాలు ఆయన్ని అడగలేదు. మూలకర్తను అడిగి రాసేదాన్ని వ్యాఖ్యానం అనరు, వాంగ్మూలం అంటారు.

మూలం

1. తుడు.
2. వేలు వద్దు.
3. ఒర వేరు, కత్తి వేరు.
4. సంచీ వేయించు.
5. ఊరికే తెరవకు. నెలకోసారి తెరువు.
6. పండగ మర్నాడు మళ్ళీ తుడు.
7. కొబ్బరినూనె రా… (ఇక్కడ గ్రంథపాతం)

సూత్రం 1. తుడు.

ఛందస్సు: రెండు లఘువులు. లలము. ఇంతకంటే చిన్న శాస్త్రం లోకంలో లేదు.

ప్రతిపదార్థం: (ఓ కత్తి గలవాడా!) తుడు = తుడువుము. 'దేనిని' అని లేదు కనుక కత్తిని అని తెచ్చుకోవాలి. 'దేనితో' అని లేదు కనుక పొడిగుడ్డతో. పాత బనీను గుడ్డ శ్రేష్ఠమని సంప్రదాయజ్ఞులు. 'ఎప్పుడు' అని లేదు కనుక పెట్టెలో పెట్టే ముందు, తీసి చూశాక, చూడాలనుకుని చూడకుండా మానేసినప్పుడు కూడా.

తాత్పర్యం: తడి ఉన్న కత్తిని దాచినవాడు కత్తిని కాదు, తుప్పును దాచాడు.

విశేషం: తుప్పు పుట్టాలంటే ముగ్గురు కలవాలి. ఇనుము, ఆమ్లజని, నీరు. వీరిలో ఎవరు రాకపోయినా ముహూర్తం తప్పిపోతుంది. కాచి గాలి పోగొట్టిన నీళ్ళలో మేకు వేసి, పైన నూనె పొర పోస్తే తుప్పుపట్టదని బళ్ళో సైన్సు మాస్టారు మూడు గాజుగొట్టాలు పెట్టి చూపించారు. అప్పుడు మనం కిటికీలోంచి బయటికి చూస్తున్నాం.

నీరంటే చెంబుడు అక్కర్లేదు. కంటికి ఆనని పొర చాలు. గాలిలో తేమ 60 శాతం దాటిందంటే ఆ పొర కత్తి మీద దుప్పటిలా పరుచుకుంటుంది. దాని కింద కత్తి తనకు తానే చిన్న బ్యాటరీ అయిపోతుంది. ఒకచోట ఇనుము కరుగుతూ ఎలక్ట్రాన్లు వదులుతుంది, పక్కనే ఆమ్లజని వాటిని అందుకుంటుంది. పొరలో ఉప్పు ఉంటే ఆ కరెంటు మరీ సాఫీగా పారుతుంది. పెదవాల్తేరులో ఉప్పు కొనక్కర్లేదు, గాలే ఇంటికి తెచ్చి పోస్తుంది. పుట్టిన తుప్పు తినేసిన ఇనుము కంటే ఎక్కువ చోటు కోరుతుంది. ఉబ్బుతుంది, పొరలుగా రాలుతుంది, రాలిన చోట కొత్త ఇనుము బయటపడుతుంది. కథ మళ్ళీ మొదటికొస్తుంది.

పర్యాయపదాలు: తుప్పు, చిలుము, చిట్టెం. పాతబడ్డ ఇనుప చిట్టేన్ని ఆయుర్వేదం మండూరం అంటుంది. దాన్ని శుద్ధిచేసి, భస్మం చేసి, రక్తం తగ్గి పాలిపోయినవాళ్ళకి పాండురోగానికి మందుగా ఇస్తారు. ఆ లెక్కన చూస్తే మా ట్రంకు ఒక వైద్యశాల. కానీ పెదనాన్న ఈ అర్థాన్ని ఒప్పుకోరు.

శంక: ఢిల్లీ మెహ్రౌలీలో గుప్తుల నాటి ఇనుప స్తంభం 1600 ఏళ్ళుగా ఎండకు ఎండి వానకు తడుస్తోంది. ఎవరు తుడిచారు దాన్ని?

సమాధానం: ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. పాతకాలపు కొలిమి పద్ధతిలో అది లోపలే ఉండిపోయింది. ఆ భాస్వరం వల్ల లోహానికీ తుప్పుకీ మధ్య ఒక పలచటి గట్టి పొర ఏర్పడి కాపలా కాస్తోందని కాన్పూరు ఐఐటీలో ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించారు. పైగా ఢిల్లీ గాలి ఏడాదిలో ఎక్కువకాలం పొడిగాలి. స్తంభానికి భాస్వరం ఉంది, మనకు బనీను ఉంది. ఎవరికి ఉన్నదాంతో వాళ్ళు నెగ్గుకురావాలి.

మరో శంక: మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు పశ్చిమాసియా దాకా వెళ్ళి డమాస్కస్ కత్తులుగా పేరు మోసిందంటారు. అంతటి ఉక్కుకు కూడా తుప్పా?

సమాధానం: ఆ గొప్పతనం కార్బన్‌ది. కార్బన్ పదును ఇస్తుంది, వన్నె ఇస్తుంది, నీళ్ళ దగ్గర మాత్రం చేతులెత్తేస్తుంది. నీళ్ళతో తగవు పెట్టుకోగలిగింది క్రోమియం. 1913లో షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాల అరుగుదలకు విరుగుడు వెతుకుతూ క్రోమియం బాగా కలిపిన ఉక్కు పోశాడు. దాని మీద క్రోమియం ఆక్సైడు పొర కట్టి, గీత పడినా మళ్ళీ తనే పూడుకుంటుంది. స్విస్ చాకులు చేసే కార్ల్ ఎల్జెనర్ వారి కంపెనీ అప్పటికే ఆయన తల్లి విక్టోరియా పేరు పెట్టుకుంది. 1921లో ఈ కొత్త ఉక్కు చేతికి రాగానే దానికి ఫ్రెంచివాళ్ళ పేరయిన 'ఇనాక్స్'ను అమ్మ పేరుకు తగిలించి విక్టరినాక్స్ అయింది. అమ్మ పేరుకు సంధి కుదిర్చి తుప్పును తరిమిన ఉదాహరణ మన వ్యాకరణాల్లో లేదు.

అయినా ఆ ఎర్ర పిడి చాకును కూడా పెదనాన్న తుడుస్తారు. ఉప్పు పట్టుకుని కూర్చుంటే క్రోమియం పొరకూ చిల్లు పడుతుంది. సూది మొనంత చుక్క, లోపల గొయ్యి. సూత్రంలో మినహాయింపు లేకపోవడానికి కారణం ఇదే.

ప్రాయశ్చిత్తం: ఇప్పటికే తుప్పు ఎక్కితే ఏం చెయ్యాలి? ముందు నూనె రాసి ఒక రాత్రి నానబెట్టాలి. తర్వాత నాలుగు సున్నాల స్టీల్‌వుల్, అంటే పీచుల్లో అతి మెత్తనిది, నూనెలో తడిపి, వేలి బరువుతో మాత్రమే రుద్దాలి. ఇటుకపొడి, గరుకు కాగితం నిషిద్ధం. అవి తుప్పుతో పాటు కమ్మరి చేతి గుర్తునూ, తయారీ ముద్రనూ తీసేస్తాయి. ఆ తర్వాత కత్తి మెరుస్తుంది, కొనేవాడి మొహం మాత్రం మాడిపోతుంది. ఇంకొక వివేకం కూడా కావాలి. ఎర్రగా పొడి రాలేది తుప్పు. నల్లగా అంటిపెట్టుకున్నది తుప్పు కాదు, కత్తి తెచ్చుకున్న వయసు. వయసును గీకరాదు.

సూత్రం 2. వేలు వద్దు.

ఛందస్సు: వే-లు, వ-ద్దు. రెండూ గలాలు, అంటే రెండు సూర్యగణాలు. కత్తిని ఆరబెట్టవలసిన సూర్యుణ్ణి మూలకర్త గణాల్లోనే కూర్చోబెట్టాడు.

అలంకారం: శ్లేష.

మొదటి అర్థం: అలుగు మీద వేలు పెట్టవద్దు. చెమటలో ఉప్పుంటుంది, ఆ ఉప్పులో తుప్పును రెచ్చగొట్టే క్లోరైడు ఉంటుంది. ముట్టుకున్నప్పుడు ఏమీ కనిపించదు. కొన్ని రోజులు పోయాక, ముట్టినవాడు మరిచిపోయాక, వేలి గీతలు గీతలుగా గోధుమరంగులో తేలుతాయి. పోలీసులకు పొడి చల్లి వెతుక్కునే శ్రమ కూడా ఉండదు.

దృష్టాంతం: పైన చెప్పిన మెహ్రౌలీ స్తంభమే. దానికి వీపు ఆనించి, చేతులు వెనక్కి చాపి కౌగిలించుకుంటే అదృష్టమని జనం నమ్మకం. ఆ చేతుల రాపిడికి, చెమటకు స్తంభం పాడవుతోందని 1997లో చుట్టూ కంచె కట్టారు. పదహారు వందల వర్షాకాలాలకు లొంగని ఇనుమును మనుషుల అరచేతుల నుంచి కాపాడవలసి వచ్చింది. రెండో సూత్రానికి ఇంతకంటే పెద్ద భాష్యం అక్కర్లేదు.

రెండో అర్థం: వేలు = వేలరూపాయలు. అవి వద్దు. అంటే ఖర్చుపెట్టనక్కర్లేదు. బ్రిటిష్ మ్యూజియం పరిశోధనశాలలో 1950లలో రూపొందిన రినైజాన్స్ మైనం మంచిదే. మ్యూజియంలు వాడతాయి, ఆరాక వేలిముద్ర కూడా పడనివ్వదు. కానీ చిన్న డబ్బా ధరకు మా ఇంటి కుట్టుమిషను నూనె పదేళ్ళు వస్తుంది. ఈ రెండో అర్థమే మూలకర్త హృదయమని పెద్దమ్మ అభిప్రాయం. ఆమె పెళ్ళయి యాభయ్యేళ్ళయింది కాబట్టి కాదనలేం.

సూత్రం 3. ఒర వేరు, కత్తి వేరు.

తాత్పర్యం: ఇది శుద్ధ ద్వైతం. దేహం వేరు, ఆత్మ వేరు అన్నట్టే. ప్రయాణంలో రెండూ కలిసి ఉంటాయి, విశ్రాంతిలో విడిపోవాలి.

పూర్వపక్షం: కత్తి కోసమే ఒర పుట్టింది. కత్తిని ఒరలో పెట్టకపోతే ఇంకెక్కడ పెడతారు?

సిద్ధాంతం: ఒర పుట్టింది కత్తి కోసం కాదు, మోసేవాడి తొడ కోసం. తోలును పదును చేసేటప్పుడు వాడిన ఆమ్లాలు, లవణాలు అందులో ఎంతో కొంత మిగిలే ఉంటాయి. పైగా తోలు గాలిలో తేమ తాగి పట్టి ఉంచుకుంటుంది. ఆ తడి ఆమ్లపు పక్కలో కత్తిని పడుకోబెడితే ఏడాది తిరిగేసరికి అలుగు మీద ఒర లోపలి గీతలు అచ్చుపడతాయి. ఇత్తడి మొలలుంటే వాటి చుట్టూ పచ్చటి చిలుము కూడా. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత. తోలు ఒరలో ఒక్క కత్తి కూడా ఇమడదని పెదనాన్న సవరణ.

దేశాంతర సంప్రదాయం: జపానువాళ్ళు ఈ ద్వైతాన్ని ఏనాడో ఆచరణలో పెట్టారు. ఊరేగింపుకు నగిషీల ఒర, ఇంట్లో విశ్రాంతికి హోనోకి అనే మెత్తటి చెక్కతో చేసిన తెల్లటి సాదా ఒర. దీన్ని షిరసాయా అంటారు. కత్తికి అది రాత్రిపూట కట్టుకునే నేత పంచె.

ఉపసూత్రం: ఒర వద్దన్నారు కదా అని పాత పేపర్లో చుట్టరాదు. పేపరుకూ పులుపు ఉంది, తేమ పీల్చే గుణమూ ఉంది. పైగా తీసినప్పుడల్లా పదిహేనేళ్ళనాటి వార్తలు చదువుతూ కూర్చుని తుడవడం మరిచిపోతాం. యంత్రభాగాలు చుట్టి వచ్చే వీసీఐ కాగితం దొరికితే అది మేలు. అందులోంచి వచ్చే ఆవిరి లోహం మీద కనిపించని పొరగా వాలి తుప్పును ఆపుతుంది. లేకపోతే నూనె తడి తగిలించిన నూలుగుడ్డ చాలు.

సూత్రం 4. సంచీ వేయించు.

అవతారిక: ఈ సూత్రం దగ్గర పూర్వవ్యాఖ్యాతలు తడబడ్డారు. వేయించేవి వేరుశనగలు గానీ సంచులు కావు. 'వేయించు' అంటే 'వేయునట్లు చేయు' అని ప్రేరణార్థం చెప్పి, 'సంచిని ఇంకొకరి చేత పెట్టెలో వేయించు' అని ఒకరు గట్టెక్కారు. అది తప్పు.

సరైన అర్థం: బూట్ల పెట్టెల్లో, కొత్త బ్యాగుల్లో వచ్చే చిన్న తెల్ల సంచీ. లోపల సిలికా జెల్ గింజలు. గాలిలో తేమను తమ బరువులో మూడోవంతు దాకా పీల్చుకోగలవు. పీల్చాక నిండిపోతాయి, నిండాక ఉత్త రాళ్ళు. అప్పుడు సంచీ విప్పి, గింజల్ని పాత మూకుట్లో పోసి సన్నటి సెగ మీద 120 డిగ్రీల లోపు వేడిలో ఒకటి రెండు గంటలు ఉంచితే నీళ్ళు ఆవిరై పోయి మళ్ళీ పనికొస్తాయి. రంగుగింజలైతే వేయించడం ఎప్పుడో అవే చెబుతాయి. నీలం పొడిగా ఉన్నట్టు, గులాబీ తడిసినట్టు. ఆ నీలం కోబాల్టు లవణం, విషం. కనుక ఆ మూకుడు మళ్ళీ వంటింట్లో అడుగుపెట్టరాదు.

విరోధం: మూలం వేయించమంటోంది. సంచీ మీద తినవద్దని అచ్చువేసి ఉంది. వేయించి తినకుండా వదిలేసే వస్తువు ఆంధ్రదేశంలో ఇదొక్కటే.

హెచ్చరిక: మూత బిగువుగా లేని పెట్టెలో సంచీ పెడితే అది విశాఖ సముద్రాన్ని మొత్తం పీల్చడానికి బయల్దేరి మొదటి రోజే ఓడిపోతుంది. మా రేకు ట్రంకు సందులున్నది. అందుకే పెదనాన్న కత్తుల్ని లోపల రబ్బరు అంచున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, డబ్బాను ట్రంకులో పెట్టారు. ట్రంకు గౌరవానికి, డబ్బా పనికి.

సూత్రం 5. ఊరికే తెరవకు. నెలకోసారి తెరువు.

అలంకారం: విరోధాభాసం.

సమన్వయం: 'ఊరికే' అనే మాటలోనే రహస్యం ఉంది. చుట్టాలొచ్చినప్పుడల్లా తీసి చూపిస్తే, తీసిన ప్రతిసారీ డబ్బా నిండా కొత్త సముద్రపు గాలి చేరుతుంది. అందులోనూ ఏసీ గదిలో చల్లబడ్డ కత్తిని వరండాలోకి తెస్తే ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళసీసాకు పట్టినట్టు చెమట పడుతుంది. గాలి వెచ్చన, ఉక్కు చల్లన. తేమ ఎక్కడ దిగాలో తెలియక వెతుక్కునే పని లేదు. అందుకని బయటికి తెచ్చిన డబ్బాను కాసేపు మూతతోనే ఉంచి, గది వేడికి వచ్చాక తెరవాలి.

మరి నెలకోసారి తెరవడం ఎందుకు? తుప్పు చప్పుడు చెయ్యదు, వాసన రాదు. చూస్తే తప్ప తెలియదు. చుక్కగా ఉన్నప్పుడు చూస్తే గుడ్డతో పోతుంది. మచ్చగా ఉన్నప్పుడు చూస్తే స్టీల్‌వుల్. గొయ్యి పడ్డాక చూస్తే నిట్టూర్పు. తెరవడం తుప్పుకు దారి, తెరవకపోవడం తుప్పుకు వరం. రెంటి మధ్య నెల రోజులు పెట్టడం మూలకర్త ప్రతిభ.

లోకజ్ఞానం: తేమ కొలిచే మీటరు ఇంట్లో లేనివాళ్ళు ఉప్పుజాడీ చూడవచ్చు. తేమ 75 శాతం దాటితే ఉప్పు దానంతట అదే నీరవుతుంది. జాడీలో ఉప్పు చెమ్మగిల్లి ముద్దకట్టిందంటే నెల నిండకపోయినా మేడెక్కాలి.

సూత్రం 6. పండగ మర్నాడు మళ్ళీ తుడు.

ప్రతిపదార్థం: పండగ = మహర్నవమి. ఆయుధపూజ. మళ్ళీ = మొదటి సూత్రానికి అనువృత్తి.

ఐతిహ్యం: ఒకసారి నవమినాడు పెద్దమ్మ పదకొండు కత్తులకూ తడి గంధం, పసుపు, కుంకుమ మూడేసి బొట్లు పెట్టి, నిమ్మకాయ కోసి ఒక్కో కత్తికి తాకించింది. పెదనాన్న విజయదశమికి జమ్మిచెట్టు దగ్గరికెళ్ళి, అట్నుంచి కూతురింటికెళ్ళి, నాలుగు రోజుల తర్వాత వచ్చారు. బొట్ల కింద మూడేసి గోధుమరంగు చందమామలు. మొత్తం ముప్ఫైమూడు. నిమ్మరసం జారిన చోట తోకచుక్కలు. ఆ రాత్రే ఈ సూత్రం పుట్టిందని కుటుంబ చరిత్రకారులు. మరుసటి ఏడాది నుంచి బొట్టు పిడికి పెట్టాలని ఒప్పందం కుదిరింది. అమ్మవారు ఆక్షేపించలేదు.

శంక: జమ్మిచెట్టు మాట వచ్చింది కాబట్టి. పాండవులు ఆయుధాలన్నీ మూటకట్టి జమ్మిచెట్టు మీద దాచి, శవమన్న భయంతో ఎవరూ దగ్గరికి రాకుండా చేసి, ఏడాది అజ్ఞాతవాసం చేశారు. ఆ ఏడాదిలో ఒక వానాకాలం తప్పకుండా వచ్చిపోయి ఉండాలి. మరి ఉత్తరుడు చెట్టెక్కి మూట విప్పితే అన్నీ ధగధగలాడాయి. ఎలా?

సమాధానాలు: అవి దివ్యాయుధాలని ఒక పక్షం. చెట్టుకొమ్మన గాలాడే చోట ఉన్నాయి, మంచం కింద కాదని రెండో పక్షం. తుడిచే పని ఎవరిదో చెప్పకుండా కథ నడపడం మగవాళ్ళ రివాజు అని మూడో పక్షం, పెద్దమ్మది. మూడో పక్షాన్ని ఖండించే సాహసం ఈ వ్యాఖ్యాత చెయ్యడు, భోజనానికి వాళ్ళింట్లోనే దిగాడు.

సూత్రం 7. కొబ్బరినూనె రా…

ఈ టీకకు ఇది ప్రాణం. 'రా' తర్వాత ఎన్ని అక్షరాలు పోయాయో తెలియదు. రూపాయి బిళ్ళంత తుప్పుమరక మాత్రం ఉంది. మూడు పాఠాలు ప్రచారంలో ఉన్నాయి.

పెద్దమ్మ పాఠం: కొబ్బరినూనె రాయి. తలకు, తాళానికి, తలుపు బందుకు రాసేది కత్తికి రాస్తే ఏం పోయిందని ఆమె వాదం. దానికి సాక్ష్యం వంటింటి కత్తిపీట. అత్తగారి కాలం నాటిది, ఒర లేదు, సంచీ లేదు, పెట్టె లేదు, తుప్పూ లేదు.

బావ పాఠం: కొబ్బరినూనె రాయకు. ఆయన కెమిస్ట్రీ లెక్చరరు. కొబ్బరినూనెలో కొవ్వు దాదాపు 90 శాతం సంతృప్తం కనుక అవిసెనూనెలా ఆరి బంకకట్టదు, అంతవరకూ మంచిదే అంటారు. కానీ తేమ తగిలి నిలవ ఉంటే విడిపోయి కొవ్వు ఆమ్లాలు పుడతాయి, ముక్కవాసన వస్తుంది. ఆమ్లం ఉక్కుకు చుట్టం కాదు. పైగా 24 డిగ్రీలకే గడ్డకడుతుంది. ఏసీ గదిలో కత్తి మీద తెల్లగా పేరుకుని, ఒకచోట మందంగా, ఒకచోట ఖాళీగా మిగులుతుంది.

మేనకోడలి పాఠం: కొబ్బరినూనె, రా! ఆరో తరగతి చదువుతోంది. ఇది సంబోధన అని, ఆవాహన మంత్రమని ఆమె మతం. వ్యాకరణ దోషం లేని పాఠం ఇదొక్కటే.

సిద్ధాంతం: రెండో పాఠమే గ్రాహ్యం. నిలవ ఉండే కత్తికి వంటనూనె ఏదీ తగదు. ఖనిజనూనె కావాలి, ఎందుకంటే అది ముక్కదు, ఆరదు, బంకకట్టదు. కుట్టుమిషను నూనె, మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్, రెండూ ఆ జాతివే. రాయడంలోనూ మితం ఉంది. రెండు చుక్కలు గుడ్డకు, గుడ్డ కత్తికి. వెలుగులో పట్టుకుంటే తళుకు తెలియాలి, వేలికి జారుడు తెలియకూడదు. (రెండో సూత్రం ప్రకారం వేలు పెట్టి చూడనూ కూడదు.) జపానువాళ్ళు కత్తులకు రాసేదాన్ని చొజి నూనె అంటారు, లవంగం వాసన వేస్తుంది. ఇక ప్రతి గరాజులో ఉండే డబ్ల్యూడీ-40 సంగతి. 1953లో శాన్‌డియెగోలో పుట్టింది. పేరులోని డబ్ల్యూడీ అంటే నీటిని వెళ్ళగొట్టేది, 40 అంటే నలభయ్యో ప్రయత్నంలో కుదిరిన పాళ్ళు. తడిసిన కత్తిలోంచి నీళ్ళు తరమడానికి దిట్ట. కానీ దాంట్లో ఎక్కువ భాగం ఆవిరైపోయి పలచటి పొరే మిగులుతుంది. ఏడాది కాపలాకు ఆ ఒక్కదాన్నే నమ్మరాదు.

కత్తిపీట ఆక్షేపానికి సమాధానం: అది తుప్పుపట్టకపోవడానికి కారణం కొబ్బరినూనె కాదు, పెద్దమ్మే. రోజుకు రెండుసార్లు కోస్తుంది, కడుగుతుంది, పమిటచెంగుతో ఒత్తుతుంది. మామిడికాయ, అరటిపువ్వు, ఉల్లిపాయ, వీటి పులుపూ వగరూ ఏళ్ళ తరబడి అంటి అలుగు నల్లబడింది. ఆ నలుపే దానికి కవచం. మొదటి సూత్రం, రెండో సూత్రం, అయిదో సూత్రం, అన్నీ ఆమె చదవకుండానే పాటిస్తోంది. వాడే కత్తికి తుడిచే వేళ దానంతట అదే వస్తుంది. దాచిన కత్తికి ఆ వేళను మనం కల్పించాలి. ఏడు సూత్రాలూ ఆ ఒక్క లోటును పూడ్చడానికి పడ్డ తంటాలు.

ఫలశ్రుతి

ఈ సూత్రాలు నెలకోసారి చదివినవాడి కత్తులు మెరుస్తాయి. అర్థం తెలిసి చదివితే ఒరలు కూడా బాగుంటాయి. చదవకుండా తుడిచినవాడికీ ఇదే ఫలం. తుడవకుండా చదివినవాడి ఫలం కింది గద్యలో చెప్పబడుతోంది.

గద్య

టీక ముగించి, అన్యాయంగా ఒక్క ప్రశ్నకు మాత్రం మూలకర్తను ఆశ్రయించాను. వరండాలో కుర్చీ పక్కన నిలబడి, "పెదనాన్నా, ఏడో సూత్రం రాయి అనా, రాయకు అనా?" అని అడిగాను.

ఆయన కళ్ళజోడు పైకెత్తారు. "ఏడో సూత్రమేంట్రా? ఆరే కదా."

"కొబ్బరినూనె రా... అని ఉంది."

"అదా! ఆ నెల సరుకుల్లో కొబ్బరినూనె రాలేదు. కొట్టువాడికి చెబుదామని రాసుకున్నాను. వెనకవైపు చోటు చాలక ఇటు రాశాను." మళ్ళీ పేపర్లోకి వెళ్ళబోయి ఆగారు. "ఇంతకీ కుక్రీ డబ్బాలో లేదేంట్రా? నిన్న చూశాను."

కుక్రీ నా బల్ల మీద ఉంది. ఏడు సూత్రాలకు ఏడు రాత్రులు పట్టింది. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా దాన్నే బరువు పెట్టాను. నేపాలు కమ్మరులు లారీల కమాను పట్టీలతో కొట్టే బరువైన కత్తి, కాగితాలు కదల్లేదు. పేజీ తిప్పినప్పుడల్లా బొటనవేలితో పక్కకు జరిపాను. తెచ్చి ఇస్తే ఆయన వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశారు. ఏమీ అనలేదు. కుర్చీ వెనక తగిలించిన పాత బనీను గుడ్డ తీసి నా చేతిలో పెట్టారు.

ఇది పెదవాల్తేరు మేడగది నివాసి, మల్లినాథుడి మాట తప్పినవాడు, కొబ్బరినూనె రాకపోవడం మీద నాలుగు పేరాలు రాసినవాడు అయిన వ్యాఖ్యాత చేసిన తుప్పుభంజని అనే టీకలో సర్వమూ. వ్యాఖ్యాత సంతకం కుక్రీ అలుగు మీద, పిడికి రెండంగుళాల పైన, బొటనవేలి గీతలతో సహా గోధుమరంగులో ఉంది.